అణుబాంబులో పగిలేది అణువేనా?

ప్రశ్న సారాంశం ఇది. తొమ్మిదో తరగతి తెలుగు మీడియం చదువుతున్న మీ అమ్మాయి పుస్తకంలో అణువు అంటే మాలిక్యూల్ అనీ, పరమాణువు అంటే ఆటమ్ అనీ ఉంది. బాంబులో పగిలేది ఆటమ్ కదా, అలాంటప్పుడు పేపర్లో ‘అణుబాంబు’ అని ఎందుకు రాస్తారు, ‘పరమాణుబాంబు’ అనాలి కదా అని తన అనుమానం. తప్పు పుస్తకానిదా, పేపరువాళ్లదా అని మీరు అడిగారు.

తప్పు ఇద్దరిదీ కాదు. ‘అణు’ అనే మాటకు తెలుగులో రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి బడిలోది, ఒకటి బయటిది. రెండూ పాతవే, రెండింటికీ ఆధారం ఉంది. మీ అమ్మాయి చెప్పినట్టు ‘పరమాణుబాంబు’ అని దిద్దినా లెక్క కుదరదు. నిజానికి అందులో పగిలేది పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకం. నేను చాలాకాలం తెలుగు మీడియం పిల్లలకు భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి ఇదే అడిగేవారు. అడగనివాళ్లు అర్థమై ఊరుకున్నారనుకోకండి, రెండూ బట్టీపట్టి రెండు గదుల్లో దాచుకున్నారంతే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మాట పుట్టుక చూద్దాం. సంస్కృతంలో ‘అణు’ మొదట వస్తువు పేరు కాదు, విశేషణం. సన్నని, సూక్ష్మమైన అని అర్థం. కఠోపనిషత్తులోని ‘అణోరణీయాన్ మహతో మహీయాన్’ చాలామంది విన్నదే. చిన్నదాని కంటే చిన్నది, పెద్దదాని కంటే పెద్దది. ఇక్కడ ‘అణు’కు జోడీ ‘మహత్’. అంటే ఒక కొలతకు ఈ చివర, ఆ చివర. అష్టసిద్ధుల్లో మొదటిదైన ‘అణిమ’ కూడా ఇందులోంచి వచ్చిందే. తమాషా ఏమిటంటే అదే మాట ఒక ధాన్యానికీ పేరు. బృహదారణ్యకంలో సాగుచేసే పది ధాన్యాలు చెప్పేచోట వరి, యవలు, నువ్వులు, మినుముల తర్వాత ‘అణు’ వస్తుంది. అది మనం వరిగలు అనే చిరుధాన్యం అని నిఘంటువులు చెబుతాయి. గింజ సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

విశేషణం కాబట్టే దాని ముందు ‘పరమ’ చేర్చడం కుదిరింది. మనం పరమ బద్ధకం, పరమ మొండి అంటామే, ఆ ‘పరమ’యే ఇది. ఇక అంతకంటే చిన్నది లేదు అన్నంత చిన్నది పరమాణువు. గమనించండి, ఈ లెక్కన అణువు వేరు వస్తువు, పరమాణువు వేరు వస్తువు కానవసరం లేదు. ఒకటి చిన్నది, రెండోది అతి చిన్నది. అంతవరకే.

దీన్ని వస్తువుగా మార్చింది వైశేషికులు, అంటే వైశేషికం అనే ప్రాచీన దర్శనం వాళ్లు. కణాదుడి పేరు మీరు వినే ఉంటారు. ఆయన సంప్రదాయాన్ని ప్రశస్తపాదుడు పెంచాడు. తర్వాత న్యాయం అనే ఇంకో దర్శనంతో కలిసి అది తర్కశాస్త్రమై మన దాకా వచ్చింది. ఈ శాస్త్రానికి దేశమంతటా ఇప్పటికీ మొదటి పాఠంగా చెప్పే తర్కసంగ్రహాన్ని రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు ఆంధ్రుడు. మీ అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు ఆ చిన్న పుస్తకంలోనే దొరుకుతుంది. అందులో పృథివి, అంటే మట్టి, రెండు రకాలు: నిత్యం, అనిత్యం. నిత్యమైనది పరమాణు రూపంలో ఉంటుంది, అనిత్యమైనది కార్యరూపంలో, అంటే కుండలా, బండలా ఉంటుంది. నీటికీ, తేజస్సుకూ, వాయువుకూ ఇదే మాట. ఇక్కడ పరమాణువు వస్తువు. అదే పుస్తకంలో కొలతల ప్రస్తావన వచ్చినప్పుడు పరిమాణం నాలుగు విధాలు అంటాడు: అణు, మహత్, దీర్ఘ, హ్రస్వ. ఇక్కడ అణు ఒక సైజు. మనస్సు పరమాణు రూపంలో ఉంటుందని కూడా అంటాడు. అంటే మట్టికీ మనసుకూ ఒకటే కొలబద్ద. ఈ రోజుల్లో ఏ పరీక్షలోనైనా అలా రాస్తే సున్నా వస్తుంది గానీ, ఆయన శాస్త్రంలో అది సబబైన మాటే.

వాళ్లు పరమాణువు దాకా ఎలా వెళ్లారన్నది ఇంకా ఆసక్తికరం. కిటికీ సందులోంచి ఎండ పడినప్పుడు అందులో తేలే ధూళి రేణువు కంటికి కనిపించేవాటిలో అతి చిన్నది. కంటికి కనిపించేదేదైనా, కుండలాగే, ముక్కలతో అయ్యుండాలి. ఆ ముక్క కూడా పెద్దదాన్ని పుట్టిస్తోంది కాబట్టి దానికీ ముక్కలుండాలి. అక్కడితో ఆపాలి. ఆపకపోతే? ముక్కలకు అంతే లేకపోతే ఆవగింజలోనూ అనంతం ముక్కలు, మేరు పర్వతంలోనూ అనంతం ముక్కలు. అప్పుడు రెండింటికీ తేడా ఎక్కడ? కాబట్టి ఎక్కడో ఒకచోట ముక్కలు కాని ముక్క ఉండి తీరాలి, అదే పరమాణువు. ప్రయోగశాల లేకుండా, తూకం లేకుండా, కేవలం తర్కంతో ఇంత దూరం రావడం చిన్న విషయం కాదు.

ఇక వాళ్ల కట్టుబడి. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. ఎండలో కనిపించే ఆ రేణువు అదే. అంటే వాళ్ల లెక్కలో రేణువుకు ఆరు పరమాణువులు. మన లెక్కలో పది మైక్రాన్ల ధూళి రేణువులో కోటి కోట్లకు దగ్గరగా పరమాణువులుంటాయి. తర్కం ఎంత పదునైనదైనా అంకె కావాలంటే కొలవాల్సిందే.

ఇప్పుడు ‘ద్వ్యణుకం’ అనే మాటను మీ అమ్మాయి చేత విడదీయించండి. ద్వి, అణు. రెండు అణువులున్నది. కానీ అందులో ఉన్నవి రెండు పరమాణువులు! అంటే వైశేషికుడు ఈ మాట కట్టేటప్పుడు అణువును పరమాణువుకు బదులుగానే వాడాడు. ‘అణుబాంబు’ అన్నవాడు చేసింది కూడా సరిగ్గా ఇదే. పేపరువాడి వెనక పాత సంప్రదాయమే ఉంది.

మరి పుస్తకం వెనక? దానికీ ఉంది. భాగవతం మూడో స్కంధంలో కాలాన్ని, కొలతల్ని చెప్పే చోట ‘అణుర్ద్వౌ పరమాణూ స్యాత్ త్రసరేణుస్త్రయః స్మృతః’ అని వస్తుంది. రెండు పరమాణువులు ఒక అణువు, మూడు అణువులు ఒక త్రసరేణువు. అంటే తార్కికుడు ద్వ్యణుకం అన్నదాన్ని ఇక్కడ నేరుగా అణువు అనేశారు. పరమాణువులు కలిస్తే అణువు. మన తొమ్మిదో తరగతి పుస్తకంలో వాక్యం దీనికి ఎంత దగ్గరగా ఉందో చూశారా? రెండు అర్థాలూ ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నాయి. కాలేజీలు వచ్చాకో, పేపర్లు వచ్చాకో పుట్టిన గందరగోళం కాదు ఇది.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ఇది చదివి ‘కణాదుడు అణుబాంబు కనిపెట్టాడు’ అని వాట్సాప్‌లో తిరిగే పోస్టు మీకు గుర్తురావచ్చు. దయచేసి ఆ దారిన పోవద్దు. కణాదుడి పరమాణువులు నాలుగు జాతులు: భూమి, నీరు, అగ్ని, గాలి. అవి విడగొట్టడానికి వీల్లేనివి, నిత్యమైనవి. బాంబు సాధ్యమైందే పరమాణువు విడిపోతుంది కాబట్టి. ఆయన సిద్ధాంతానికి బాంబు సాక్ష్యం కాదు, ఖండన.

పశ్చిమాన కూడా కథ మనకంటే సవ్యంగా ఏమీ నడవలేదు. గ్రీకులో ‘అటొమొస్’ అంటే కోయడానికి వీలుకానిది. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో ల్యూసిప్పస్, డెమోక్రిటస్ వాడిన మాట. ‘మాలిక్యూల్’ చాలా తర్వాతది. లాటిన్‌లో ‘మోలెస్’ అంటే ముద్ద, రాశి. దానికి చిన్నతనం చెప్పే ప్రత్యయం చేరిస్తే చిన్న ముద్ద. ఆ మాటలో రెండు మూడు కలిసి ఏర్పడినది అన్న సూచనే లేదు. అంటే ఒకరు కోయలేనిది అన్నారు, ఇంకొకరు చిన్న ముద్ద అన్నారు. రెండింటిలో ఏది దేనికి పేరు అన్నది ఎవరూ తేల్చలేదు.

1808లో జాన్ డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చినప్పుడు నీటి అణువును ఏమన్నాడో తెలుసా? సంయుక్త ఆటమ్ అన్నాడు. అంటే ఇప్పుడు మనం మాలిక్యూల్ అనేదాన్ని ఆయనా ఆటమే అన్నాడు. మూడేళ్లకు, 1811లో, ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో సరిగ్గా దీనికి ఎదురు పని చేశాడు. ఆయన వ్యాసంలో ఆటమ్ అనే మాటే వాడలేదు. అన్నీ మాలిక్యూళ్లే. ముందు ఒక విశేషణం తగిలించి ఇది మూలకపు మాలిక్యూల్, ఇది సమగ్ర మాలిక్యూల్ అని తేడా చూపించాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణం ఉన్న వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయి. ఆక్సిజన్ వాయువు అణువులో రెండు పరమాణువులు ఉంటాయి. కానీ దాదాపు యాభై ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దానికి ఇతర కారణాలూ ఉన్నాయి. ఒకే రకం పరమాణువులు రెండు ఎందుకు అతుక్కుంటాయో అప్పటి విద్యుత్ సిద్ధాంతానికి అంతుబట్టలేదు. అయితే మాటల గజిబిజి కూడా తన వంతు తాను చేసింది.

ఆ గజిబిజి ఖరీదు ఎంతో చెబుతాను. నీరు హెచ్‌టూఓ అని ఇప్పుడు ఐదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. డాల్టన్ లెక్కలో అది ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్. అందుకని చాలాకాలం చాలామంది ఆక్సిజన్ భారం 16 కాదు, 8 అని లెక్క కట్టారు. అది మారితే కార్బన్ మారుతుంది, అది మారితే ప్రతి సేంద్రియ పదార్థం ఫార్ములా మారుతుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఒక్కదానికే అప్పటి రసాయనవేత్తలు రాసిన ఫార్ములాలను 1861 నాటి తన పాఠ్యగ్రంథంలో జర్మన్ రసాయనవేత్త కెకూలే వరసగా పేర్చి చూపించాడు. పంతొమ్మిది! ఒక దేశం వాళ్లు రాసింది ఇంకో దేశం వాళ్లు చదివితే అర్థం కాని పరిస్థితి.

దాన్ని తేల్చుకోవడానికే 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూలో రసాయనవేత్తలు సమావేశమయ్యారు. రసాయన శాస్త్రంలో తొలి అంతర్జాతీయ సమావేశం అది. అక్కడ చర్చకు పెట్టిన మొదటి ప్రశ్న ఏమిటంటే, ఆటమ్, మాలిక్యూల్ అనే మాటల మధ్య తేడా పాటించాలా వద్దా? అంటే మీ అమ్మాయి ప్రశ్నే. మహా మహా పండితులు దూరదూరాల నుంచి రైలెక్కి వచ్చి కూర్చుని అడిగిన ప్రశ్న అది. ఈ సంగతి తనకు తప్పక చెప్పండి.

ఆ సభలో ఇటలీకి చెందిన కానిజారో గట్టిగా అవొగాడ్రో పక్షాన మాట్లాడాడు. సభ ముగిసేటప్పుడు ఆయన 1858లో రాసిన చిన్న పుస్తకం ప్రతులను ఆయన మిత్రుడు పంచిపెట్టాడు. అక్కడికక్కడ తీర్మానం చేసి అందరూ ఒప్పుకున్నారనుకోకండి, అలా జరగలేదు. ఇంటికి వెళ్లాక చదివినవాళ్లకు తలకెక్కింది. లోథర్ మేయర్ తన కళ్లకు కమ్మిన పొరలు రాలిపోయాయని రాసుకున్నాడు. ఆ సభకే వచ్చిన ఇరవై ఆరేళ్ల మెండలీవ్ సరిదిద్దిన పరమాణు భారాలు పట్టుకుని వెళ్లి 1869లో ఆవర్తన పట్టిక తయారుచేశాడు. మాటల తేడా తేలాకే భారాలు తేలాయి, భారాలు తేలాకే పట్టిక కుదిరింది.

తెలుగులోకి ఆధునిక శాస్త్రం వచ్చేసరికి ఇదంతా అయిపోయింది. ఇంగ్లీషులో ఆటమ్, మాలిక్యూల్ దేని గది దానిదిగా స్థిరపడి ఉన్నాయి. మనవాళ్లకు కావలసింది ఒక జత మాటలు. చేతిలో అణువు, పరమాణువు సిద్ధంగా ఉన్నాయి. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుంచి తెలుగులో సైన్సు రాసినవాళ్లు సంస్కృత పదాల మీదే ఆధారపడ్డారు. 1961లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పదావళి కమిషన్ పెట్టి దేశ భాషలన్నింటికీ పనికొచ్చేలా సంస్కృత మూలం ఉన్న మాటలు తయారుచేయించింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఇంటర్, డిగ్రీ పుస్తకాలూ పారిభాషిక పదకోశాలూ తెచ్చింది. ఆటమ్‌కు పరమాణువు, మాలిక్యూల్‌కు అణువు అన్న జత హిందీలోనూ, బెంగాలీలోనూ, కన్నడంలోనూ ఇదే. తమిళులు వేరే దారి పట్టారు. వాళ్లకు ‘అణు’ అంటే ఆటమే. మాలిక్యూల్‌కు ‘మూలక్కూఱు’ అని వేరే మాట కట్టుకున్నారు. మలయాళంలో మాలిక్యూల్‌ను ‘తన్మాత్ర’ అంటారు. నన్నడిగితే ఈ విషయంలో తమిళులే సుఖపడ్డారు. చెన్నై పిల్లకు మీ అమ్మాయి అనుమానం రాదు.

ఇక బాంబు సంగతి. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను చూపించాక, 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందని తేల్చాక, కోయలేనిది అన్న పేరుకు అర్థం పోయింది. పేరు మాత్రం మిగిలింది. పరమాణువు వెడల్పు సెంటీమీటరులో పది కోట్లవ వంతు. అందులో కేంద్రకం వెడల్పు పదివేలో వంతు నుంచి లక్షో వంతు దాకా ఉంటుంది. అంతకంటే చిన్నది లేదన్న ‘పరమ’ కూడా ఇక చెల్లదు.

‘అటామిక్ బాంబ్’ అనే మాటను శాస్త్రవేత్తల కంటే ముందు 1914లో ఎచ్.జి. వెల్స్ తన నవలలో వాడాడు. అప్పటికి ఎవరికీ అది ఎలా చేయాలో తెలియదు. 1938 చివర్లో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం మీద న్యూట్రాన్లు వేస్తే బేరియం తేలింది. దానికి అర్థం యురేనియం కేంద్రకం రెండుగా చీలడమేనని లీజ్ మైట్నర్, ఫ్రిష్ వివరించారు. 1945 ఆగస్టు 6న హిరోషిమా తర్వాత అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రకటనలో ‘అటామిక్ బాంబ్’ అనే ఉంది. ప్రపంచంలోని పేపర్లన్నీ ఆ మాట పట్టుకున్నాయి. భౌతిక శాస్త్రవేత్తలు మాత్రం అది న్యూక్లియర్ అనే అంటారు. అదే సరైనది కూడా. అంటే ఇంగ్లీషులోనూ వీధిలో ఒక మాట, తరగతిలో ఒక మాట ఉంది. మన దగ్గర ఉన్నట్టే.

ఇక్కడ ఒక సరదా లెక్క వేద్దాం. పుస్తకం అర్థాన్ని నిక్కచ్చిగా పట్టుకుంటే, అణువులు పగిలి పేలేది అణుబాంబు అయితే, అసలు సిసలు అణుబాంబు టీఎన్‌టీ అనే మామూలు పేలుడు పదార్థం. దాని అణువులో 7 కార్బన్, 5 హైడ్రోజన్, 3 నైట్రోజన్, 6 ఆక్సిజన్, మొత్తం 21 పరమాణువులు. పేలినప్పుడు అణువు ఛిన్నాభిన్నం అవుతుంది, కొత్త వాయువులు పుడతాయి. కానీ పేలకముందు ఉన్న ఆ 21 పరమాణువులూ పేలాక కూడా చెక్కుచెదరవు. జతలు మారతాయంతే. కార్బన్ కార్బనే, నైట్రోజన్ నైట్రోజనే. యురేనియం విచ్ఛిత్తిలో అలా కాదు. 92 ప్రోటాన్లున్న యురేనియం పోయి 56 ప్రోటాన్ల బేరియం, 36 ప్రోటాన్ల క్రిప్టాన్ లాంటి జంటలు మిగులుతాయి. మూలకమే మారిపోయింది. ఆవర్తన పట్టికలో గడి మారిందంటే అది రసాయన చర్య కాదు.

శక్తిలో తేడా ఇంకా భయంకరం. ఒక కార్బన్ పరమాణువు మండి కార్బన్ డై ఆక్సైడ్ అయితే వచ్చేది సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలమానం ఇది). ఒక యురేనియం కేంద్రకం చీలితే సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. దాదాపు ఐదు కోట్ల రెట్లు. హిరోషిమా బాంబులో 64 కిలోల దాకా యురేనియం ఉంటే నిజంగా చీలింది ఒక కిలో కంటే తక్కువే. అదే సుమారు 15 వేల టన్నుల టీఎన్‌టీతో సమానమైంది. పుస్తకంలోని అణువుకూ పేపర్లోని అణువుకూ మధ్య ఉన్న దూరం ఈ అంకెల్లో కనిపిస్తుంది. అందుకే పిల్లలకు ఈ తేడా తెలియాలంటాను, మాట కోసం కాదు.

మరి తెలుగు పేపర్లలో పరమాణువును ఎందుకు వదిలేశారు? హిందీవాళ్లు ‘పరమాణు బం’ అంటారు, బెంగాలీలు ‘పారమాణబిక’ అంటారు. మనం అనలేదు. నాకు తోచిన కారణం, మన వాడుకలో ‘అణు’కు ముందునుంచే బలం ఉంది. అణుమాత్రం, అణువణువునా అని రోజూ అంటాం. ‘పరమాణువణువునా’ అని ఎవరూ అనరు. శీర్షికలో చోటు తక్కువ, రెండక్షరాల మాట దొరికితే ఎవరు వదులుకుంటారు? పైగా సమాసాలకు ఇట్టే ఒదుగుతుంది. అణుశక్తి, అణుపరీక్ష, అణు ఒప్పందం, అణువిద్యుత్తు. అణు, అస్త్రం కలిస్తే అణ్వస్త్రం. ఇది తెలుగు పాఠంలో యణాదేశ సంధికి చెప్పే ఉదాహరణ అని మీకు గుర్తుండే ఉంటుంది. అంటే రెండో పీరియడ్‌లో తెలుగు మాస్టారు అణ్వస్త్రం అని సంధి విడదీయిస్తాడు, మూడో పీరియడ్‌లో సైన్సు టీచరు అణువంటే మాలిక్యూల్ అంటుంది. పిల్ల ఏం కావాలి!

హైదరాబాద్‌లో ఈ రెండర్థాలూ కొద్ది కిలోమీటర్ల దూరంలో బోర్డులు పెట్టుకున్నాయి. హబ్సిగూడలో సీసీఎంబీ, అంటే సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, ఉంది. దాని పేరులోని మాలిక్యులర్ బయాలజీని తెలుగులో అణు జీవశాస్త్రం అంటాం. డీఎన్‌ఏ, ప్రోటీన్లలాంటి పెద్ద పెద్ద అణువుల శాస్త్రం. అక్కడ యురేనియంతో పని లేదు. మౌలాలి వైపు వెళ్తే ఈసీఐఎల్ దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971లో పెట్టింది. దేశంలోని రియాక్టర్లకు యురేనియం ఇంధనం అక్కడ తయారవుతుంది. దాన్ని తెలుగులో అణు ఇంధన సంస్థ అంటారు. రెండు ‘అణు’లూ ఒకటే అనుకుని, సీసీఎంబీలో బాంబుల పని జరుగుతుందని నమ్మినవాళ్లను నేను చూశాను. అలాగే 1954లో ఏర్పడిన కేంద్ర శాఖ పేరు అటామిక్ ఎనర్జీ, దాని కిందున్న ఈ సంస్థ పేరు న్యూక్లియర్ ఫ్యూయల్. ఇంగ్లీషులో రెండు మాటలు, తెలుగులో రెండూ అణువే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టాలనుకున్నదీ అణు విద్యుత్ కేంద్రమే.

కాబట్టి చదివేటప్పుడు పక్కన ఏ మాట ఉందో చూడమనండి. శక్తి, బాంబు, ఆయుధం, ఇంధనం, విద్యుత్తు, రియాక్టరు, ఒప్పందం పక్కన ఉంటే అది కేంద్రకం గురించి. భారం, ఫార్ములా, నిర్మాణం, బంధం, జీవశాస్త్రం పక్కన ఉంటే అది మాలిక్యూల్. ఒక్క చోట జాగ్రత్త: ‘అణు నిర్మాణం’ అని కొన్ని పాత పుస్తకాల్లో, పేపరు వ్యాసాల్లో ఆటమ్ నిర్మాణాన్ని కూడా అనేస్తారు. ఎలక్ట్రాన్లు, కక్ష్యలు అని ముందుకు సాగితే అది పరమాణువే అనుకోవాలి.

ఇంకో రెండు చిక్కులు కూడా చెప్పేస్తాను, రేపు ఎలాగూ అడుగుతుంది. హీలియం, ఆర్గాన్ లాంటి జడ వాయువుల్లో పరమాణువులు ఒంటరిగా తిరుగుతాయి. అక్కడ అణువూ పరమాణువూ ఒకటే, ఏకపరమాణుక అణువు అంటాం. రెండోది, ఉప్పు కల్లులో అసలు అణువులే ఉండవు. సోడియం, క్లోరిన్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి గళ్లగళ్లుగా పేర్చుకుని ఉంటాయి. ఏ సోడియం ఏ క్లోరిన్‌దో చెప్పలేం. అందుకే దానికి అణుభారం అనకుండా ఫార్ములా భారం అంటారు. ఇనుప ముక్కలోనూ అంతే. అన్ని పదార్థాలూ అణువులతో తయారవుతాయి అని కొన్ని గైడ్లలో గుడ్డిగా రాస్తారు, అది నమ్మొద్దనండి.

పరీక్షలో ఏం రాయాలని కూడా అడిగారు. సైన్సు పేపర్లో ఆటమ్ అంటే పరమాణువు, మాలిక్యూల్ అంటే అణువు. దాంట్లో రాజీ లేదు. పరమాణు సంఖ్యను అణు సంఖ్య అని రాస్తే తప్పే. న్యూక్లియర్ ఫిషన్‌ను కేంద్రక విచ్ఛిత్తి అని రాయాలి. అణు విచ్ఛిత్తి అన్నా దిద్దేవాళ్లకు అర్థమవుతుంది గానీ పుస్తకం మాట వాడటం మేలు. సోషల్ పేపర్లో, తెలుగు వ్యాసంలో మాత్రం హాయిగా అణుబాంబు, అణ్వాయుధాలు అని రాయమనండి. అక్కడ ‘పరమాణుబాంబు’ అని రాస్తే మార్కులు పోవు గానీ, దిద్దే టీచరు ఒక్క క్షణం ఆగి చూస్తారు.

వీలుంటే ఈసారి ఒక పని చేయించండి. ‘ద్విపరమాణుక అణువు’ అన్న పుస్తకం మాటనూ ‘ద్వ్యణుకం’ అన్న అన్నంభట్టు మాటనూ పక్కపక్కన రాసి, ఒక్కోదానిలో ‘అణు’ ఎన్నిసార్లు వచ్చిందో, ఏ అర్థంలో వచ్చిందో తననే చెప్పమనండి. మొదటిదాంట్లో చివరి అణువు మాలిక్యూల్, దాని ముందున్న పరమాణువు ఆటమ్. రెండోదాంట్లో ఉన్న ఒకే ఒక్క అణువు పరమాణువే.

అన్నట్టు, తను ఎప్పుడో ‘కణం’ గురించి కూడా అడుగుతుంది. జీవశాస్త్రంలో కణం అంటే సెల్, భౌతిక శాస్త్రంలో పార్టికల్. అది వేరే పెద్ద పంచాయితీ, అడిగినప్పుడు ఇక్కడే కొత్త ప్రశ్నగా పెట్టండి, రాస్తాను.